ఖాళీ కాని తానోవా

రక్తంలో ఎలుక జ్వరం ఆనవాళ్లు పట్టడంలో కాంతది అందెవేసిన చెయ్యి. ఫిజీలోని నవువా వరిచేల రైతుల జ్వరాల మీదే డాక్టరేట్ తెచ్చుకుంది. తీరా సువా పరిశోధనశాలవాళ్ల పోస్ట్‌డాక్ ప్రకటన చూస్తే ప్రోగ్రామింగ్ రావాలి, ఆసుపత్రుల డేటా విశ్లేషించాలి అని ఉంది. కంప్యూటర్ మీద ఆమె రాసింది థీసిస్ ఒక్కటే. ఈ ఉద్యోగం రాకపోతే జ్వరాల పని కట్టిపెట్టి, తవువాలో పంతులమ్మగా చేరడమే గతి.

ఆదుకున్నది ఆడపడుచు షీలా. నౌసోరిలో ఒక బస్సుల కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంది. ఆదివారం సాయంత్రాలు వరండాలో, యంగోనా అనే వేరుపొడి పానీయం కలిపిన తానోవా గిన్నె ముందు కూర్చుని పాఠం చెప్పేది. ఏ దేశం వెళ్లినా మనుషులు ఏదో ఒక పాత్ర చుట్టూ చేరతారు. ఒకచోట టీ కెటిల్, ఇంకోచోట కల్లుకుండ, ఫిజీలో ఈ కొయ్యగిన్నె. గిర్మిట్ మీద, అంటే చెరకుతోటల కూలి ఒప్పందం మీద, వచ్చిన తెలుగువాళ్ల మనవలు భాష సగం పోగొట్టుకున్నారు గాని, ఇక్కడ నేర్చిన ఈ కూర్చోవడం మాత్రం వదల్లేదు. సరే, మన కాంత దగ్గరికి వద్దాం.

"లూప్ అంటే ఏం లేదు వదినా," అంది షీలా, కొబ్బరిచిప్ప నిండా యంగోనా ముంచుతూ. "ఈ బిలో ఒక్కొక్కరికీ పోతది. తానోవా ఖాళీ అయ్యేదాకా తిరుగుతది. పేషెంట్లూ అంతే. ఒక్కొక్కరి దగ్గర ఆగు, జ్వరం ఉందా అడుగు. బస్!"

కాంత అలాగే రాసింది. కానీ గిన్నె అడుగంటితే వాళ్లింట్లో ఏం చేస్తారు? ఇంకాస్త పొడి, నీళ్లు పోసి మళ్లీ కలుపుతారు. అలవాటుకొద్దీ ఆ మాటా చేర్చింది: పేర్లు అయిపోతే మళ్లీ నింపు. ఇంకేముంది, కంప్యూటర్ ఆగకుండా తిరుగుతూ బుసలు కొట్టింది.

"అరే వదినా, కాహే మళ్లీ కలిపినావు? అన్న కూర్చుంటే లేవడు, నీ ప్రోగ్రాం కూడా లేవదు!"

"మరి ఎట్లా ఆపేది?"

"గిన్నె దగ్గరోడు 'మాదా' అనాలి కదా, అయిపోయింది అని. ముందు అది రాయి."

ఇంటర్వ్యూలో డాక్టర్ లితియా అనే ఫిజియన్ పెద్దావిడ రోగుల వివరాలిచ్చి, వరద తర్వాత ఏ ఊళ్లో జ్వరం పెరిగిందో తేల్చమంది. కాంత అన్నిటికన్నా ముందు ఆగే చోటు రాసి, దానికి 'మాదా' అని పేరు పెట్టింది. ప్రోగ్రాం ఊరూరూ తిరిగి, నవువా దగ్గర పొడుగాటి గీత గీసి, బుద్ధిగా ఆగింది.

తెర చూసిన లితియా పకపకా నవ్వింది. "ఇదెవరు నేర్పారమ్మా?"

"మా ఆడపడుచు. తానోవా దగ్గర."

పెద్దావిడ అరచేతులు గుంట చేసి మూడుసార్లు చరిచింది. బిలో ఖాళీ చేసినవాళ్లకు కొట్టే చప్పట్లవి. ఉద్యోగం వచ్చినట్టు కాంతకు అక్కడే అర్థమైంది.

ఆ ఆదివారం, మొదటి బిలో పెద్దవాళ్లకివ్వాలన్న వరుస తప్పించి, రెండు చేతులతో షీలాకు అందించింది.

"నాకా? నేను చిన్నదాన్ని వదినా!"

"గురువువి. తాగు."

కాంత భర్త శశి గొణిగాడు. "ఇంటికి పెద్దోడిని నేను. నాకు?"

"నువ్వు ఇంకా కలుపు," అంది కాంత, కళ్లు తుడుచుకుంటూ. "ఈ రోజు మాదా అనేవాళ్లు లేరు."