కాన్పుకొచ్చిన గూడబాతులు

మొన్న నెల్లూరులో చేపల మార్కెట్టు వెనక సందులో నడుస్తుంటే నాచు, నీచు, తడిబురద కలిసిన వాసన ఒకటి తగిలింది. మనవరాలు చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. నాకది నేలపట్టు చెరువు వాసన.

మాది ఆత్మకూరు. బజారులో కిరాణా అంగడి, దాని వెనకే ఇల్లు. యాభైల మొదట్లో ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారకముందే చలిమంటలు, గంపల్లో రేగుపండ్లు, రోళ్ళలో నువ్వులు దంచే కమ్మటి వాసన వీధిలో ప్రతి ఇంటా ఉండేవి, ఆ ఏడు మా ఇంట్లో తప్ప. అంతకుముందు చలికాలం మా పెద్దత్త తొలికాన్పుకని వచ్చి, మా వెనకగదిలోనే, బిడ్డతో సహా కన్నుమూసింది. వాళ్ళమ్మ, అంటే మా అవ్వ, ఆ గదికి గొళ్ళెం పెట్టేసింది. మర్రిపాడులో కాపురముంటున్న చిన్నత్తకు ఏడో నెల వచ్చిందని కబురొచ్చినా తీసుకురానివ్వలేదు. తొలికాన్పు పుట్టింట్లో జరగకపోతే ఆడబిడ్డకు అత్తింట ఎంత చిన్నతనమో ఆమెకు తెలియక కాదు.

"ఈ ఇల్లు పురుటికి అచ్చిరాలా. ఆడనే కననీ" అని ఒకటే మాట. నాయన ఎంత చెప్పినా రాయికి చెప్పినట్టే. "మీకు బరువైతే చెప్పండి" అని చిన్నత్త అత్తగారు కబురు పంపితే, అమ్మ అది అవ్వ చెవిన వెయ్యలేక వంటింట్లో కళ్ళు తుడుచుకుంది.

మా అంగడికి సరుకు తోలే ఉదయగిరి మస్తాను లారీలో వీధివాళ్ళం పక్షుల్ని చూడబోయింది ఆ నెలలోనే. సూళ్ళూరుపేట దోవలో నేలపట్టనే ఊళ్ళో ఒక చెరువుందనీ, నీళ్ళలోనే నిలబడ్డ కడప చెట్లనిండా గొర్రెపిల్లంతేసి పిట్టలనీ అతను చెప్పీ చెప్పీ వీధినంతా ఊరించాడు. అవ్వ రానంటే, "గడప దాటకుంటే పిచ్చెక్కుతాది మా" అని నాయన దాదాపు ఎత్తి కూర్చోబెట్టాడు. పులిహోర, పెరుగన్నం అడ్డాకుల్లో కట్టుకుని, గోనెల మీద దుప్పట్లు కప్పుకుని పాటలు పాడుకుంటూ పోయాం. మెట్టచేలు తప్ప ఎరగని మా కళ్ళకు నాయుడుపేట దాటాక నీళ్ళే నీళ్ళు. చెరువు చేరేసరికి పొద్దు బారెడెక్కింది. ఆకులు కనపడకుండా గూడబాతులు, కొమ్మకొమ్మకూ గూళ్ళు, రెట్టతో తెల్లబడ్డ మాకులు, తల్లి గొంతు సంచిలోకి తలకాయ దూర్చి చేపలు తినే పిల్లలు. చేపంటే ఆమడ దూరం పోయే మేము ముక్కులు మూసుకుని మరీ నోళ్ళు తెరిచాం.

పిట్టల్ని లేపుదామని మస్తాను చప్పట్లు కొట్టబోయాడు. గట్టు మీద గడ్డి కోస్తున్న ముసలామె కొడవలి ఎత్తి కసిరింది.

"గమ్మునుండయ్యా! ఆడబిడ్డలు కాన్పుకొచ్చుండారు."

ఆ ఊళ్ళో వాటిని అట్లాగే అంటారట. పుట్టింటికొచ్చిన వాళ్ళను బెదరగొట్టకూడదని పెళ్ళిమేళాన్ని కూడా చెరువు దరికి రానివ్వరట. మేమంతా నవ్వాం. అవ్వ నవ్వలేదు. చెట్టుకింద నీళ్ళలో తేలుతున్న చచ్చిన పిల్లల్ని చూపించి, "అవేంది?" అని అడిగింది.

"గాలికి గూళ్ళు పడతాయి. ప్రతేడూ ఉండేదే."

"అయినా వస్తాయా?"

"రాక యాడికి పోతాయమ్మా? పుట్టిల్లు గదా."

అవ్వ గట్టు మీదే కూలబడింది. పెద్దత్త పోయిన్నాడు కూడా కంటతడి పెట్టని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పిట్టలు బెదురుతాయనేమో, గొంతు మాత్రం పైకి రానివ్వలేదు. దీపాలు పెట్టే వేళకు లారీ ఆత్మకూరులో ఆగింది. అందరూ దిగినా అవ్వ కదల్లేదు.

"నన్ను దింపబాకరా. ఇట్నే మర్రిపాడుకు పోనీమను" అంది నాయనతో.

ఆ వెనకగదిలోనే చిన్నత్త కొడుకును కన్నది. ఇప్పుడు ఆ గదీ లేదు, ఇల్లూ లేదు, అక్కడ సెల్‌ఫోన్ల కొట్టుంది. కాన్పులన్నీ ఆస్పత్రుల్లోనే, అదీ మంచికే. అప్పుడవి ఉంటే మా పెద్దత్త బతికేది. కానీ పుట్టింటి బండి కోసం వాకిట్లో నిలబడి దోవ చూసే ఆడపిల్లలు ఇప్పుడెక్కడా కనపడరు. చిన్నత్తా పోయింది. పోకముందు ఒకసారి, ఆ రాత్రి మర్రిపాడులో లారీ దిగి అవ్వ ఏమందని అడిగాను.

"ఏమంటాది? నా మొహం పట్టుకుని, 'నాకు భయంగానే ఉండాదే, అయినా రా' అనింది."