గ్యాసు బండ పోతేగానీ నేను పోను

మా వీధిలో మొట్టమొదటి గ్యాసు పొయ్యి మా అత్తవారింటికే వచ్చింది. అరవైల చివర్లో మాట. గుంటూరులో అప్పటికింకా చాలా ఇళ్ళల్లో పత్తికట్టె, మిరపకట్టె పొయ్యిలే. మా మామయ్యగారు మిరపకాయల కమీషను వ్యాపారి. పెద్ద షావుకార్ల ఇళ్ళల్లో గ్యాసు వచ్చిందని విని, పట్టుబట్టి, డిపాజిట్టు కట్టి, కాగితాల మీద సంతకాలు పెట్టి ఆయనా తెచ్చారు. దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళకల్లా కాఫీలు కలిపి నా నడుం విరిగింది, అది వేరే సంగతి.

ఆ పొయ్యి వల్ల నిజంగా బాగుపడింది మా అత్తయ్య. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆమె మిరపకట్టె పొగలోనే వండింది. కట్టెకి ఎక్కడో ఒక ఎండుకాయ అంటుకునే ఉంటుంది. అది పొయ్యిలో పడిందంటే ఇంటిల్లిపాదీ దగ్గాల్సిందే. మేం కాసేపు దగ్గి ఊరుకునేవాళ్ళం, ఆమె దగ్గు మాత్రం ఏడాది పొడుగునా ఆగేది కాదు. గ్యాసు వచ్చిన నెలకల్లా ఆగింది. "మావాడి పెళ్ళికంటే ఈ పొయ్యొచ్చిన రోజే నాకు పండగ అమ్మాయ్" అని నా మొహం మీదే అంది. నాకు ముందు ఒళ్ళు మండింది, తర్వాత నవ్వొచ్చింది.

ఇంటి ముందు భాగమంతా మిరపకాయల కొట్టు. సీజన్లో బస్తాలు పైకప్పును తాకేవి. వసారాలో ఆడవాళ్ళు కూర్చుని తొడిమలు తీసేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే తుమ్మేవాళ్ళు. మామయ్యగారూ, మా ఆయనా ఆ ఘాటులోనే అన్నం తిని ఆ ఘాటులోనే నిద్రపోయేవాళ్ళు. అత్తయ్యయితే పోపు పెట్టిన ప్రతిసారీ "ఇప్పటి ఇంగువలో పస లేదే, అంతా కల్తీ" అని కొట్టువాణ్ణి తిట్టేది. నాకా ఇంగువ బాగానే గుప్పుమనేది. పెద్దావిడతో వాదం ఎందుకని ఊరుకునేదాన్ని.

నాకు నెల తప్పాక ఒకరోజు వంటింట్లో ఏదో కుళ్ళిన ఉల్లిపాయ వాసన వచ్చింది. గంప దులిపాను, మూలలన్నీ వెతికాను, ఏమీ లేదు. చెప్తే అందరూ నవ్వారు. "వేవిళ్ళ ముక్కు, అంతే" అన్నారు మామయ్యగారు. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి "దీనికి కోపమూ ముక్కు మీదే, వాసనలూ ముక్కు మీదే" అన్నాడు. మాది చీరాల దగ్గర ఊరు. వాడరేవు ఎండుచేపల గాలి వచ్చిందంటే కిటికీలు మూసుకునే ఇంట్లో పెరిగాను. నా ముక్కు సంగతి నాకు తెలుసు. కానీ వేవిళ్ళంటే నోరు మూసుకోక ఏం చేస్తాను?

ఐదో నెల వచ్చింది, వేవిళ్ళు పోయాయి, వాసన పోలేదు.

ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి అదే వాసన మంచం దాకా వస్తోంది. అత్తయ్య స్నానం చేసి వంటింట్లోకి వెళ్తున్న అడుగుల చప్పుడు వినబడింది. దేవుడి గూడు వంటింట్లోనే ఉండేది. పొయ్యి సంగతి తర్వాత, ముందు దీపం వెలిగించందే ఆమె ఏదీ ముట్టుకోదు. ఆ వాసన బండలోంచి కారే గ్యాసుదేనని నాకప్పుడు తట్టింది. పొట్ట పట్టుకుని పరిగెత్తాను. వెళ్ళేసరికి ఆమె చేతిలో అగ్గిపుల్ల ఉంది, పెట్టెకి ఆనించి ఉంది.

"అత్తయ్యా, గీయబాకండి!" అని అరిచి చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోవడమేమిటి, విదిలించాను. పుల్ల కింద పడింది. కిటికీ తలుపులు రెండూ తోసేశాను.

"మడిలో ఉన్నదాన్ని ముట్టుకుంటావేందే? పైగా చెయ్యి విసురుతావా?" అంది అత్తయ్య. ఆమెకు ఏ వాసనా రాలేదు. లేచి వచ్చిన మగవాళ్ళిద్దరికీ రాలేదు. ముగ్గురూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

గ్యాసు కంపెనీ మనిషి వచ్చాడు. గుమ్మంలో నాలుగు తుమ్ములు తుమ్మి, ముక్కు తుడుచుకుని, బండ దగ్గర వాసన చూసి "ఇది మిరప ఘాటండి" అన్నాడు. నేను వదలకపోతే రబ్బరు గొట్టం మార్చి వెళ్ళాడు. వారం బాగుంది, మళ్ళీ మొదలు. ఈసారి బండే మార్చాడు, పైన బిగించే ఇత్తడి రెగ్యులేటరూ మార్చాడు. మళ్ళీ అదే. "ఊళ్ళో ఎవరికీ లేని ఇబ్బంది మీకేనమ్మా" అన్నాడు. ఊళ్ళో ఎంతమందికి ముక్కులున్నాయని అడగాలనిపించింది.

అప్పటికి నాకు ఏడో నెల దగ్గర పడింది. పురిటికి తీసుకుపోవడానికి మా అమ్మ వస్తున్నానని కబురు చేసింది. నేను వెళ్ళిపోతే ఆ ఇంట్లో వాసన పట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు. అత్తయ్య రోజూ చీకటితో లేచి అగ్గిపుల్ల గీస్తుంది. ఆ ఆలోచన వస్తే నాకు ముద్ద దిగేది కాదు. ఒకరోజు భోజనాల దగ్గరే అనేశాను.

"మామయ్యగారూ, మనకీ గ్యాసు వద్దండి. కంపెనీకి తిప్పి ఇచ్చేయండి. ఇది కొరివితో తల గోక్కోవడమే. ఆ బండ పోతేగానీ నేను పురిటికి పోను."

మామయ్యగారు కంచంలో చెయ్యి ఆపేశారు. మా ఆయన కళ్ళతో వారించాడు. అత్తయ్య గరిటె కింద పెట్టింది.

"నువ్వు పుట్టింటికి పోయి హాయిగా కూర్చోవడానికి నేను మళ్ళా పొగలో చావాలంటావా? ఎన్నేళ్ళకి ఊపిరి ఆడిందో నీకు తెలుసా?" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె చెప్పిందీ అబద్ధం కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే అదే.

మర్నాడు శుక్రవారం. తలంటుకోవడానికి కుంకుడుకాయలు కొట్టి రసం తీస్తుంటే, మా ఆయన సైకిలు పంచరు వేయించిన సంగతి గుర్తొచ్చింది. ట్యూబుని నీళ్ళల్లో ముంచితే గాలి పోయేచోట బుడగలొస్తాయి కదా. చేతిలో ఉన్న కుంకుడు నురగ పట్టుకెళ్ళి బండ మెడ చుట్టూ పూశాను. పూసీ పూయకముందే ఒక పక్కన నురగ ఉబ్బింది. బుడగ పెద్దదై పగిలింది, దాని వెనకే ఇంకోటి.

"అత్తయ్యా, ఒక్కసారి రండి" అన్నాను.

వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వంగి ఆ బుడగల దగ్గర ముక్కు పెట్టింది. గట్టిగా పీల్చింది. "నీకు వస్తందా?" అంది. "తల తిరిగేంత వస్తందండీ" అన్నాను. ఆమె లేచి నేరుగా అలమర దగ్గరికి వెళ్ళి, ఇంగువ డబ్బా మూత తీసి ముక్కుకి ఆనించుకుంది. ఒకసారి పీల్చింది, మళ్ళీ పీల్చింది. డబ్బా నా వైపు చాపింది. నేను తలూపాను. వంటిల్లంతా ఇంగువే.

ఆమె పీట మీద కూర్చుండిపోయింది. "కొట్టువాణ్ణి ఉత్తపుణ్యాన తిట్టానే" అంది. నేను డబ్బా తీసుకుని మూత పెట్టాను.

ఆ సాయంత్రం ఆమే మామయ్యగారితో చెప్పింది. "ఆ బండ పంపించేయండి. ఎన్నిసార్లు బాగుచేయించినా, మళ్ళా కారితే నా ముక్కుకి తెలీదు. దాన్ని బళ్ళోకి ఎక్కించేదాకా ఇంట్లో అగ్గి ముట్టించను." నా మాట నెలల తరబడి చెవికెక్కించుకోనివాళ్ళు ఆమె ఒక్క మాటకి లేచారు. మామయ్యగారు కనెక్షను రద్దు కాగితం మీద సంతకం పెట్టారు. తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషి "గ్యాసు కావాలని తిరిగేవాళ్ళను చూశాంగానీ వద్దనేవాళ్ళను మిమ్మల్నే చూశాం" అన్నాడు. అత్తయ్య అటు చూడలేదు. పెరట్లోంచి మిరపకట్టె మోపు లాక్కొచ్చి పాత పొయ్యి ముందు కూర్చుంది. నేను మా అమ్మ వెంట వెళ్ళేనాటికే దగ్గు తిరిగొచ్చింది.

పాప పుట్టి మూడో నెల వచ్చాక గుంటూరు వచ్చాను. వంటింట్లో పొగ, పొగలో అత్తయ్య. దగ్గుతూనే లేచి, చేతులు కడుక్కుని, పాపని తీసుకుని గాలికి పెరట్లోకి నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను. ఆమె పాప మాడు మీద ముక్కు పెట్టి కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికీ తీయలేదు.

"ఎట్టా ఉంటదే అమ్మాయ్ వాసన? చెప్పు" అంది.

నేను పాప తల మీద వంగి వాసన చూశాను. తడుముకుంటూ చెప్పాను. "వెన్న కాగి నెయ్యవుతున్నప్పుడు వస్తది చూడండి అత్తయ్యా, అట్టా ఉంటది."

"అది గుర్తుందే నాకు" అని, మళ్ళీ పాప మాడు మీద ముక్కు పెట్టుకుంది.