రెండు గంటలకు నేను అక్కడే ఉన్నాను

విమానాశ్రయం బయట పన్నెండు నుంచి రెండుంబావు దాకా నిలబడ్డది నేను. చెల్లెలి కోసం రాలేదన్న మాట పడ్డదీ నేనే. ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా ఆమె అత్తవారు అదే ఎత్తుతారు. అందుకే రాస్తున్నాను.

మా ఇంట్లో తొలి కాన్పుకు ఆడపిల్లను అన్నే వెళ్లి, పుట్టింటి చీర చేతికిచ్చి తీసుకురావాలి. చెల్లెలు ఏడో నెలలో దుబాయ్ నుంచి వస్తోందనగానే, మగ్గం మీది పని అయ్యీ కాగానే ఆమె కోసం ఆకుపచ్చ చీర ఎక్కించాను.

"పొద్దుగాల పదికి విమానం ఎక్కిస్త, బావా" అని ఆమె భర్త అక్కడి నుంచి ఫోన్‌లో చెప్పాడు. ఎప్పుడు దిగుతుందో చెప్పలేదు. నేను అడగలేదు. వాళ్లు పోయినప్పటి టికెట్టు చదివింది నేనే కదా: ఇక్కడ పదికి ఎక్కితే అక్కడ పన్నెండున్నరకు దిగడం. గద్వాల నుంచి హైదరాబాద్‌కు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ బస్సుకు పట్టేది ఒకటే సేపు. విమానానికి మాత్రం వేరే లెక్క ఎందుకుంటుంది?

ఒంటిగంట దాటినా ఆమె జాడ లేదు. కాపలా మనిషిని అడిగాను.

"దుబాయ్‌దా? పొద్దుగాలనే దిగింది. అందరు పోయిండ్రు."

పదికి అక్కడ ఎక్కిన మనిషి పొద్దున్నే ఇక్కడ ఎలా దిగిందో నాకు అంతుపట్టలేదు. దుబాయ్ నుంచి రోజుకు రెండు మూడు విమానాలు వస్తాయని అప్పుడు నాకు తెలియదు. ఆమె భర్త నాకు తప్పు టైము చెప్పి, పట్నంలో ఉన్న తన అన్నతో ఆమెను పంపించేశాడనుకున్నాను. కోపంతో ఫోన్ ఆపేసి, చీర సంచితో గద్వాల బస్సెక్కాను.

మరునాడు పొద్దున ఆ అన్నే ఆమెను కారులో తెచ్చి మా వాకిట్లో దించాడు. "నీ ఫోన్ కలవలేదంట. మీ పిల్లను మేమే తోలుకొచ్చినం, బావా. నువ్వు జర పరేషాన్ కాకు" అన్నాడు.

"ఎప్పుడు దిగినవే?" అని చెల్లెల్ని అడిగాను.

"ఈడ మూడున్నర. నా గడియారంల రెండు. ఆడి టైం ఇంకా తిప్పలే, చూడు."

"రెండింటికి నేను ఆ గేటు ముంగటనే ఉన్న!"

"ఉన్నవ్ లే అన్నా." నవ్వింది. తర్వాత గడియారం తిప్పి తిప్పి చూపించింది. తిప్పినకొద్దీ నాకు మరింత గజిబిజి అయింది. ఒకే విమానం, ఒకే దారి. పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు అయిదున్నర!

లోపలికి పిలిస్తే ఆమె కదలలేదు. అరుగు మీది చీర సంచి అందుకుని, చీర తీసి భుజాన వేసుకుంది.

"పా, వీధి మూల దాక పోదం. ఆడికెళ్లి నువ్వే తోలుకరా."

పోయాం. ఆ మూల నుంచి ఆమెను మెల్లగా నడిపించుకుని వచ్చి గడప దాటించాను. ఆమెను తెచ్చి ఇంకా కారులోనే కూర్చున్న ఆ పెద్దమనిషి మమ్మల్ని చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.