ఒక్క మనిషి వినాల్సిన గిటారు

కామారెడ్డిలో మా అద్దె ఇల్లు మేడ మీద ఉంటుంది. కింద బట్టలు కుట్టే దుకాణం. ఆ దుకాణం నడిపే ఆమె నన్ను అక్కా అంటుంది, నేను ఆమెను చెల్లె అంటాను. ఒకరి వంటింట్లో ఒకరం అడగకుండా పసుపు డబ్బా తీసుకునేంత చనువు మాది. ఆమె భర్త సౌదీలో డ్రైవర్. వాళ్లకు ఒక్కతే కూతురు.

నేను బడిలో లెక్కలు చెబుతాను. సాయంత్రాలు గిటారు వాయిస్తాను. పిల్లల తల్లి గిటారు పట్టుకుని కూర్చుంటే చూసేవాళ్లకు ఎలా ఉంటుందో మా అత్తగారు ఎప్పుడో తేల్చేశారు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని వచ్చినవాళ్లందరికీ చెబుతారు. ఆవిడ చెప్పడం మానలేదు, నేను వాయించడమూ మానలేదు.

కింది అమ్మాయి చిన్నప్పటి నుంచీ నా గిటారు దగ్గరే తిరిగేది. వాళ్ల నాన్న సౌదీ నుంచి ఫోన్ చేసి, దాన్ని పడుకోబెట్టడానికి మాటల్లేకుండా ఒక రాగం తీసేవాడట. అది నాకు ఆ రాగం హుఁ హుఁ అని పాడి వినిపించింది. నేను తీగల మీదకు తెచ్చాను. ఒకసారి ఫోన్లో ఆయనకు అది వినిపించాను. "ఇంకోసారి వాయించక్కా" అన్నాడు.

ఆ అమ్మాయికి సదాశివనగర్ సంబంధం కుదిరింది. పెళ్లి ఎల్లారెడ్డిలో, చెల్లె తల్లిగారి ఊళ్లో. అంతా కుదిరాక సౌదీ యజమాని సెలవు ఇవ్వనన్నాడు. ఆయన అక్కడ ఎవరితో పోట్లాడగలడు? పాస్‌పోర్టు కూడా యజమాని బీరువాలోనే ఉందట. ఇక్కడ మేం ఆ యజమానిని తిట్టని తిట్టు లేదు. మా తిట్లు సముద్రం దాటవు కదా.

"అక్కా, బిడ్డను సాగనంపేటప్పుడు గా రాగం వాయించు" అన్నాడు నాతో. "ఫోన్ల ఇంట. గుమ్మం దాటేముందు బిడ్డ నాకు సలాం చెప్తది. గంతే సాలు. పక్కన నిలవడ్డట్టె అనుకుంట."

రాగం వినాలి, కూతురి సలాం వినాలి. ఆయన అడిగింది అంతే. నేను మాటిచ్చేశాను.

చెల్లె వాళ్ల అమ్మను అందరూ నానీ అంటారు. ఎల్లారెడ్డి వెళ్లి ఈ సంగతి చెబితే ఆవిడ ముఖం మాడ్చుకుంది.

"నిఖా ఇంట్ల బాజా ఏంది? మొగోళ్ల చెవిల పడొద్దు. మా ఆడోళ్ల దిక్కు, ఆఖరి మూలకు, పరదా ఎనుక కూసోని గాజుల సప్పుడంత వాయించుకో."

నాకు కోపం వచ్చింది. కానీ పెళ్లి ఆవిడ మనవరాలిది, కచేరీ నాది కాదు. పైగా ఆలోచిస్తే ఆవిడ చెప్పిందే సరిపోయింది. హాల్లో ఎవరికీ వినబడనక్కర్లేదు. వినాల్సింది సౌదీలో ఉన్న ఒక్క మనిషి.

మరి గాజుల చప్పుడంత గిటారు ఫోన్లోకి ఎలా పోతుంది? మైకు సెట్టు మగవాళ్ల వైపు ఉంటుంది, ఆ మైకు సెట్టు మనిషి పరదా ఇవతలికి రాడు. అందుకని వీడియోలు తీసే పిల్లలు చొక్కాకు తగిలించుకునే వైరు లేని మైకు తెప్పించాను. వేలెడంత నల్లటి క్లిప్పు. దానికి జతగా ఒక చిన్న బిళ్ల వస్తుంది. ఆ బిళ్లను ఫోను కింద చార్జింగు పెట్టే చోట దూర్చితే, క్లిప్పు విన్నదంతా ఫోనుకు చేరుతుంది. వైరు లేదు, పిల్లల కాళ్లకు తట్టుకునేదీ లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా ముందుగదిలో పరీక్షలు మొదలయ్యాయి. ఆయన మధ్యాహ్నం భోజనం వేళ ఫోన్ చేసేవాడు. మొదట క్లిప్పును గిటారు గుండ్రటి రంధ్రం అంచున పెట్టాను.

"గోలెంల మూతి వెట్టి మాట్లాడినట్టున్నదక్కా" అన్నాడు.

రంధ్రానికి దూరంగా, మెడ కలిసే చోట పెడితే బాగుంటుందని తెలిసింది. అయితే అక్కడ తగిలించడానికి అంచు లేదు. చెల్లె దుకాణంలోంచి లంగాలకు వేసే ఎలాస్టిక్కు తెచ్చి, గిటారు కొలత తీసుకుని ఒక పట్టీ కుట్టింది. "నీ బిడ్డకు వడ్డాణం పెట్టిన" అని నవ్వింది. క్లిప్పు ఆ పట్టీకి చక్కగా కూర్చుంది. అయినా తీగ మీటితే మొదటి ముక్క వినబడి, తర్వాతి మోత తెగిపోతోందన్నాడు. క్లిప్పు మీద ఒక ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. ఫ్యాను మోత లాంటివి అడ్డుకునే ఏర్పాటట అది. నా గిటారు దాని లెక్కలో ఫ్యానే. మీట నొక్కి ఆ దీపం ఆర్పాను.

"హా, గిప్పుడు సాఫ్ ఉన్నది" అన్నాడు ఆయన. "బిడ్డ గాజులు సదురుకున్నది గద? గది గూడ ఇనవడ్డది!"

అందరం నవ్వాం. ఆ చిన్న గదిలో అమ్మాయి నా మోకాలికి ఆనుకుని కూర్చుంది, అందుకే క్లిప్పు దాని గాజులూ, మాటా అన్నీ పట్టేసింది. ఫోను తన సొంత చెవి మూసుకుని, క్లిప్పు చెవితోనే వింటోందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

పెళ్లిరోజు ఎల్లారెడ్డి హాలు కిటకిటలాడింది. నిఖా అయింది, భోజనాలు అయ్యాయి. పొద్దు వాలుతుండగా సాగనంపే వేళ వచ్చింది. నేను నానీ చూపించిన మూలలో, పరదా వెనుక, గిటారు పట్టుకుని కూర్చున్నాను. ఫోనూ, దానికి దూర్చిన బిళ్లా చెల్లె చేతిలో ఉన్నాయి. ఆమె హాలుకు ఆ చివర, గుమ్మం దగ్గర, కూతురి పక్కన నిలబడింది. మా మధ్య ఆడవాళ్లూ, చంటిపిల్లలూ, అత్తరు వాసనా.

చెల్లె చెయ్యి ఊపగానే మొదలుపెట్టాను. నా వాయింపు నాకే సరిగ్గా వినబడలేదు. కానీ చెల్లె ఫోను వైపు చూసి, నా వైపు చూసి, కళ్లు తుడుచుకుంటూ తలాడించింది. ఆయనకు వినబడుతోంది. ఆ నిమిషం నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను.

తర్వాత అమ్మాయి ఫోన్ అందుకుంది. దాని పెదాలు కదిలాయి. ఆగింది. మళ్లీ కదిలాయి. ఫోను నోటికి ఆనించుకుంది. చెల్లె "హలో, హలో" అని అరిచింది. ఎవరో పెద్దామె "ఎల్లారెడ్డిల సిగ్నల్ గింతే, కిటికీ దిక్కు పోండ్రి" అంది. కిటికీ వైపు జరిగారు. మళ్లీ అదే. నా పక్కకు వచ్చిన ఒకామె చెప్పింది: "గిటారు మంచిగ ఇనవడుతున్నదంట. పిల్ల మాటనే ఇనవడ్తలేదంట."

అప్పుడు వెలిగింది నాకు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. ఫోను వినేది నా ఒళ్లోని క్లిప్పుతో. అమ్మాయి ఎంత అరిచినా ఆ ఫోనుకు పట్టదు. ఆ బిళ్ల పీకేస్తే చాలు.

"పీకు! గది పీకు!" అని అరిచాను. ఆ గోలలో వినబడలేదు. చేత్తో లాగుతున్నట్టు సైగ చేశాను. చెల్లె నా వైపు చూసి, బిళ్ల ఊడిపోతోందని చెబుతున్నాననుకుంది. బొటనవేలితో ఇంకా గట్టిగా లోపలికి నొక్కింది. నాకు ఏడుపొచ్చింది.

గిటారు పక్కన పెట్టి లేచాను. అడుగు వేసే సందు లేదు. అటు మగవాళ్ల వైపు నుంచి కారు వచ్చిందన్న కబురు వచ్చింది. అమ్మాయి మేనమామ ఖురాన్ తీసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు, దాని తల మీదుగా పట్టి దాటించడానికి. ఏం చెయ్యను? ఎలాస్టిక్కు పట్టీ నుంచి క్లిప్పు లాగి, ముందున్న ఆమె చేతిలో పెట్టాను. "పెండ్లిపిల్లకు ఇయ్యుండ్రి, జల్ది!"

క్లిప్పు చేతులు మారుతూ పోయింది. ఒక్కొక్క చెయ్యి దాటుతుంటే ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆఖరి చెయ్యి ఒక ముసలామెది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పెళ్లిపిల్ల ముసుగుకు పెట్టిన పిన్ను ఊడిపడిందనుకుంది పాపం. అమ్మాయి దుపట్టా మడత సరిచేసి, భుజం దగ్గర దాన్ని తగిలించి, బుగ్గ నిమిరింది. అమ్మాయి చూసుకోలేదు. ఫోను అప్పటికే తల్లికి ఇచ్చేసింది. తల వంచుకుని ఖురాన్ కిందుగా గుమ్మం దాటింది.

పెళ్లికూతురికి తోడుగా నానీ కూడా కారెక్కింది. నేను జనాన్ని తోసుకుంటూ మెట్ల దాకా వచ్చేసరికి కారు కదిలింది. చెల్లె ఫోను ఎత్తి కారు వైపు పట్టుకుంది, కనీసం కారు చప్పుడైనా వింటాడని. అప్పుడు ఫోన్లోంచి ఆయన అరుపు వినబడింది.

"ఇన్న బేటా! ఇన్న, ఇన్న! సలాం బేటా!"

మేం ఉలిక్కిపడ్డాం. చెల్లె బిత్తరపోయి "ఏమిన్నవ్?" అంది.

"నానీతోని చెప్పుకుంట ఏడుస్తున్నది. 'అబ్బాకు నా సలాం ఇనవడనే లేదు నానీ' అంటున్నది. ఇనవడ్డదని చెప్పుండ్రి! కారు ఆపుండ్రి!"

చెల్లె "ఆపుండ్రి" అని అరిచింది, నేనూ అరిచాను. బయట బంధువుల ఏడుపులూ, దీవెనలూ, బండ్ల హారన్లూ. అరవనివాళ్లెవరు అక్కడ? కారు గేటు దాటి కామారెడ్డి రోడ్డెక్కింది.

ఫోన్లో ఆయన నెమ్మదిగా అడిగాడు.

"బిడ్డ మాట బందైందక్కా. ఏమైంది?"

"గా క్లిప్పు మాట శానా దూరం పోదు తమ్మీ" అన్నాను.

"ఎంత దూరం పోతది?"

నేను గేటు వైపు చూశాను. "గేటు దాంక" అన్నాను.

"గేటు దాంకనేనా" అన్నాడు. చెల్లె ఫోనును ఇంకా గేటు వైపే ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. దించమని నేను చెప్పలేకపోయాను.