ఫ్లెక్సీలో పట్టని మా నాయనమ్మ

ఇవాళ మా చర్చి జూబ్లీ ఫ్లెక్సీ చూసి వచ్చేను. ఒళ్లు ఇంకా మండుతోంది.

అందులో ఉన్నది తొంభైల్లో మా చిన్నాన్న తీసిన ఫొటో. ఉప్పలగుప్తంలో ఆయన స్టూడియో, ఫొటోలు కడిగే ఆ ఎర్రబల్బు గది, ముక్కు పగలగొట్టే హైపో మందు వాసన మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. చర్చి కడుతున్నప్పటి ఫొటో అది. మధ్యలో కోట్లు తొడుక్కున్న పెద్దలు, పక్కన ఇసుక తట్టలతో ఆరుగురు ఆడవాళ్లు. మూడో ఆవిడ మా నాయనమ్మ.

ఆ ఫొటో కడిగినప్పుడు నేనక్కడే ఉన్నాను. కాగితం మీద వెలుగు పడుతుంటే, చిన్నాన్న కొబ్బరి ఈనెకి చిన్న అట్టముక్క గుచ్చి, ఆ ఆడవాళ్ల మొహాల మీద ఒక్కొక్కటిగా ఆడించేడు.

"ఎందుకు చిన్నాన్నా?"

"ఎండకి మాడిన మొహాలురా. ఈ కాగితం వెలుగు తగిలిన చోటల్లా నల్లబడుతుంది. కాస్త నీడ పట్టకపోతే కళ్లూ ముక్కూ నలుపులో కలిసిపోతాయి. మీ నాయనమ్మ నన్ను తంతుంది."

నాలుగు కాగితాలు పాడయ్యేక ఆరు మొహాలూ తేటగా వచ్చేయి.

ఫ్లెక్సీలో ఆ ఆరుగురూ లేరు. కోట్ల దగ్గరకి కత్తిరించేసేరు. చర్చి సెక్రటరీగారిని అడిగితే, "ఆయ్, చోటు సరిపోలేదండీ" అన్నారు. ఆయన నిలువెత్తు ఫొటోకి మాత్రం సరిపోయింది.

యెరూషలేము గోడ బాగుచేసినవాళ్లని రాసినప్పుడు, తండ్రితో కలిసి పనిచేసిన కూతుళ్లని బైబిలు వాక్యం వదిలిపెట్టలేదండీ. అక్కడ పట్టిన ఆడవాళ్లు మీ ఫ్లెక్సీలో పట్టలేదా?

చిన్నాన్న నెగెటివ్ నా బైబిల్లో భద్రంగా ఉంది. పూర్తి ఫొటో కడిగించి పట్టుకొస్తాను. ఈ ఆదివారం చర్చిలో వాక్యం చెప్పే వంతు నాది.