మాస్టారి పాటల ఫైలు

ఈ మధ్యాహ్నం రాజమండ్రిలోని మా కంప్యూటర్ షాపుకి పెద్దాపురం నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు వచ్చారు. బస్సులో సీపీయూని ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. భార్య పాడగా విన్న పాత పాటలన్నీ అందులో డేటాబేస్‌గా దాచుకున్నారాయన. కరెంటు పోయి ఆ ఫైలు పాడైంది. సీడీలో ఉన్న కాపీ వేసవి నాటిది. ఆ తర్వాత కూడా ఆవిడ చాలా పాటలు చెప్పి, పోయిన నెలలో కన్నుమూశారు.

అసలు ఫైలుని కదపకుండా నకలు తీసుకుని, దాని మీదే రిపేరు చేశాను. రెండు గంటల్లో వేసవి తర్వాత చేర్చిన పాటలన్నీ తిరిగి వచ్చాయి. మాస్టారు చివరి పాట చూపించమన్నారు. పడవెక్కి పుట్టింటికి వెళ్లే కోడలి పాట అది. రెండు చరణాలే ఉన్నాయి.

"మిగతాది రాలేదా బాబూ?"

"అంతా వచ్చిందండి మాస్టారూ. మీరు టైపు చేసింది ఇంతేనండి."

కింద 'మిగతాది రేపు చెప్తానంది' అని ఆయనే రాసుకున్నారు.

"అవును బాబూ. మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లాం," అన్నారాయన, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఏమీ పోలేదని చెప్పడానికి ఇంత ఇబ్బంది పడటం నాకిదే మొదటిసారి. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఆ పాట మూడో చరణం వస్తే కింద రాయండి, మాస్టారికి అందజేస్తాను.