నాలుగో పొట్లం

సునామీ తర్వాత కొన్నేళ్లకు, అండమాన్‌లో రంగత్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది. ఆమె ఒళ్లోని డబ్బాలో వేయించిన బియ్యం, వాటి మధ్య నంబర్లు వేసిన కాగితపు పొట్లాలు ఉన్నాయి. ఒక్కో పొట్లంలో ఒక గులాబీ ఆకు.

"దీదీ, పులావా?" అన్నాడు కండక్టర్.

"ఆకులకు తడి తగలకుండా. నీకెందుకు, టికెట్ కొట్టు!" అందామె.

ఉప్పునీటికి పోయిన తోటను మళ్లీ వేస్తే, వానలతో వచ్చే నల్లమచ్చ తెగులు ఆకులన్నీ రాల్చేసిందట. ఒక్క మొక్క తట్టుకుంది. దాని గింజలకు మొలిచిన పిల్లమొక్కల్లో ఏవి తల్లిలా తట్టుకుంటాయో ఆకులోని జన్యు గుర్తు చూసి మెయిన్‌ల్యాండ్‌లో ల్యాబ్ వాళ్లు చెబుతారు. గుర్తు లేనివి పీకేయాలి.

"నాలుగోదానికి మొదటి పువ్వుకే ఎంత వాసనో భయ్యా! పీకేయమంటారేమోనని, ఆ పొట్లంలో తల్లి ఆకు పెట్టేశాను," అంది మెల్లగా.

"ల్యాబ్ వాళ్లు నమ్మేస్తారుగా?" అన్నాను.

"వాళ్లు నమ్ముతారు. వాన నమ్మొద్దా?"

కాసేపటికి ఆమె నాలుగో పొట్లం విప్పి, ఆ ఆకును కిటికీలోంచి వదిలేసింది. పర్సులోంచి అసలు ఆకు తీసి పెట్టి, పొట్లం మడిచింది.

"దానికీ తల్లి గుర్తు వచ్చుంటుందిలే," అని నవ్వింది.

ఫలితం నాకు తెలియదు. ఆ మొక్కను మాత్రం ఇప్పటికీ పూలతోనే ఊహించుకుంటాను.